రొట్టె పట్టుకున్న మనిషి

సెకండ్ షో వదిలారు.
బిర్గులో మా పస్తిజ్జి కొట్టు
అర్ధరాత్రి దాటినా పొయ్యి ఆర్పదు.
జున్ను కూరినవి ఒక పళ్ళెం, బఠాణీవి ఒక పళ్ళెం,
గాజుగ్లాసుల్లో చిక్కటి టీ.
కుర్చీలు లాక్కోకముందే వాళ్ళ గొడవ మొదలు.

"ఆరు సినిమాల్లో ఒక్కసారీ
థోర్న్‌బీ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.
ఏడోదాంట్లో చెప్పాడు. అదీ ఎవరికి?
చచ్చిపోయిన డ్రైవరు పెళ్ళానికి.
ఆ ఒక్క ముక్కకోసం ఇంకోసారి చూస్తా"
అంది మార్విక్, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల.

"క్షమాపణలు మా ఇంట్లో నేను రోజూ చెబుతున్నా.
పది యూరోలు పోసి ఇంకొకడివి వినాలా?"
అన్నాడు విస్టిన్.
పాత హీరో కనుబొమ్మతో మాట్లాడేవాడట,
వీడికి ఉన్నవన్నీ మోకాళ్ళేనట.

సావర్‌ది బస్సు డ్రైవరు బాధ.
"కారు మా వీధిలో ఎడమకి తిరిగింది.
తిరిగితే ఏముందక్కడ? మెట్లు. మెట్ల కింద సముద్రం.
వీడేమో స్లీమాలో తేలాడు, టైరైనా తడవకుండా!"
ఉప్పుడబ్బా కారయింది, నా గరిటె ఓడరేవయింది,
మిరియాలసీసా తప్పుకోలేక పడిపోయింది.

తెరమీద మా ఊరు బీరూట్.
పోయినేడు ఫిబ్రవరిలో పదకొండు రోజులు
మంగలి లెలి బోర్డుమీద అరబ్బీ అక్షరాలు అంటించారు.
వాడింకా పీకలేదు. గిరాకీ పెరిగిందంటాడు.

గూఢచారికి నీడ ఉండకూడదంటుంది మార్విక్.
మా రాళ్ళ వీధుల్లో మధ్యాహ్నం
నీడ వదిలి నడిచేవాణ్ణి
గూఢచారి అనరు, వెర్రివాడంటారు.

అప్పుడు పక్కబల్ల నుంచి
ఆఖరి బస్సు తప్పిపోయిన గోజో కుర్రాడు, క్లేడన్,
ఉండబట్టలేక లేచాడు.

"అసలు సంగతి వదిలేశారు మీరంతా.
గంటా పదిహేడో నిమిషం.
థోర్న్‌బీ తలుపు వెనక. వీధంతా ఖాళీ.
ఒక ముసలాయన చంకలో రొట్టెతో
అడ్డంగా నడిచిపోతాడు.
తుపాకీ వైపు చూడడు. ఎందుకు చూడడు?
ఎనిమిదో భాగంలో అసలు ద్రోహి ఆయనే.
ఆ రొట్టెలో ఏముందో ఆలోచించండి."

ఎవరూ మాట్లాడలేదు.
సావర్ ఉప్పుడబ్బాని మెల్లగా దాని చోట పెట్టాడు.

ఆయన ద్వార్దు.
సినిమావాళ్ళ కుర్రాడు తాడు కట్టి ఆగమంటే
"డెబ్బయ్యొక్కేళ్ళుగా దాటుతున్నా" అని
తాడెత్తి దూరాడు.
మళ్ళీ తీయడానికి వెలుగు చాల్లేదట,
అలాగే ఉంచేశారు.
మంచికాలు ముందు, కుంటికాలు వెనక,
నాలుగు సెకన్లు.
ఆ ఈస్టర్ రాకముందే పోయాడు.

మూలబల్ల దగ్గర ఆయన భార్య చెన్సా.
ఇది ఆమె నాలుగో టికెట్.
పేర్లు పడగానే నిద్రపోతుందట.
గంటా పదిహేను కాగానే తట్టి లేపమని
టార్చి పిల్లకి చిల్లర ఇస్తుందట.

కుర్రాడికేం తెలుసు.
"మీరేమంటారు పెద్దమ్మా?" అన్నాడు.

ఆమె పస్తిజ్జి విరిచింది.
పొరలు పొరలుగా ఒళ్ళో రాలింది.

"రొట్టె మాడింది" అంది.
"బేకరీవాడితో తగాదా పడి వస్తున్నాడు.
ఆ మొహం అందుకే."

టీ ఊదుకుంది. ఒక గుక్క. ఇంకో గుక్క.

"గురువారాలు మాత్రం
నాలుగింటికి పోయి ఆరింటికి వచ్చేవాడు.
ఎక్కడికో నలభయ్యారేళ్ళూ చెప్పలేదు.
ఎనిమిదోది ఎప్పుడొస్తుందట?"

రెండేళ్ళన్నాడు కుర్రాడు, నోట్లోని ముద్ద మింగకుండానే.
ఆమె వేళ్ళమీద ఏదో లెక్కేసుకుంది,
ఒక వేలు దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి.

టీ డబ్బులు తీసుకున్నాను.
తీసుకోకపోతే తిడుతుంది.